మా రోజుల్లో మద్రాసుకి తంబురా మోసుకెళ్లేవాళ్లం

మా చెల్లెలి మనవరాలు ఈ యేడు చెన్నైలో సంగీతం ఎం.ఏ.లో చేరింది. పొద్దున రైలు దిగిన పిల్ల సాయంత్రానికల్లా ఫోను చేసి, "అన్నీ కుదిరిపోయాయి తాతయ్యా. రూము, భోజనం, వైఫై, అన్నీ" అంది. "శుభం తల్లీ" అని పైకి అన్నాను గానీ ఆ రాత్రి మా ఆవిడ నిద్రపోయేదాకా సణుగుతూనే ఉన్నాను. ఇల్లలకగానే పండగవుతుందా? ఒక్క పూటలో మంచం కుదురుతుంది, ఫ్యాను కుదురుతుంది. మద్రాసు కుదురుతుందా?

అవును, మద్రాసే అంటాను. 1996లో పేరు మార్చుకున్నారు, వాళ్ల ఊరు, వాళ్ల ఇష్టం. నా నోటికి మాత్రం పాత పేరే వస్తుంది, ఈ వయసులో దాన్ని సరిదిద్దే ఓపిక నాకు లేదు. నీకు అభ్యంతరమైతే చదివేటప్పుడు నువ్వే మార్చుకో నాయనా.

మా రోజుల్లో, అంటే 1970లు ముగింపుకొస్తున్న రోజుల్లో, విజయనగరం నుంచి మద్రాసుకి చదువుకి వెళ్లడమంటే పెద్ద వ్యవహారం. మా మహారాజా వారి సంగీత కళాశాల ఆషామాషీ చోటేం కాదు. 1919లో పెట్టారు. మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు గారు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు వయొలిన్ నేర్పి, 1936లో తానే ప్రిన్సిపాలైన చోటు. అక్కడ డిప్లొమా, దాంతోపాటు బి.ఏ. పూర్తిచేసినవాడు ఇంకా ఎందుకు పోవాలి అని మా మేనమామ అడిగాడు కూడా. ఎందుకంటే ఆ ద్వారం వారే చివరికి మద్రాసు చేరారు గనక. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారూ, వీణ చిట్టిబాబు గారూ అక్కడే ఉన్నారు గనక. గోదావరి నీళ్లు తాగి పెరిగినవాళ్లంతా ఆ ఉప్పునీళ్ల ఊరికి ఎందుకు పోతున్నారో చూడాలని నాకూ ఉండేది.

హౌరా-మద్రాస్ మెయిలు ఎక్కాం నేనూ, నా రేకుపెట్టె, ఆవకాయ జాడీ, తంబురా. తంబురాతో రైలు ప్రయాణం ఎలా ఉంటుందో నీకు చెప్పాలి. ముందు బిరడాలు తిప్పి తీగెలు వదులు చెయ్యాలి, లేకపోతే కుదుపులకి తెగుతాయి. పూసలు జారిపోకుండా గుడ్డ కట్టాలి. రెండు దుప్పట్లు చుట్టాలి. ఇంతా చేసి కుండ కింద పెట్టే వీల్లేదు, ఎవడో ఒకడు దానిమీద కూర్చుంటాడు. అంచేత బెర్తు మీద దాన్ని పడుకోబెట్టి నేను కూర్చున్నాను. రాజమండ్రి వచ్చేసరికి పెట్టెలో ఉన్నవాళ్లందరికీ నా పుట్టుపూర్వోత్తరాలు తెలిసిపోయాయి. "ఎవరి శిష్యుడివి బాబూ?" "ఏదీ, ఓ కీర్తన పాడు." బెజవాడలో దిగాల్సిన ఆయన ఒకరు, వోలేటి వెంకటేశ్వర్లు గారిని ఎదురుగా కూర్చుని విన్న మనిషి, దిగేముందు నా చేత మోహన పాడించుకుని గానీ దిగలేదు. నెల్లూరు ఆయన తన తోడల్లుడి చిరునామా పొగాకు కాగితం మీద రాసిచ్చాడు. మైలాపూరులో నాకు గది దొరికింది ఆ కాగితం వల్లే.

మా పిల్ల ఏసీ పెట్టెలో వెళ్లింది. చెవుల్లో ఆ తెల్ల గుండీలు పెట్టుకుని పడుకుంది, సెంట్రల్‌లో లేచింది. "పక్కవాళ్లు ఏ ఊరమ్మా?" అంటే, "చూళ్లేదు తాతయ్యా" అంది. తంబురా ఏదంటే ఫోను చూపించింది. సంగీతం చదువుకోవడానికి వెళ్తున్న పిల్ల అని ఆ పెట్టెలో ఒక్క ప్రాణికి తెలియలేదు. తెలిసి ఉంటే ఎవరో ఒకరు ఏదో ఒక చిరునామా రాసి ఇచ్చి ఉండేవారు. ఇవ్వరంటావా? అడిగి చూశావా ఎప్పుడైనా?

ఇక గది సంగతి. ఇప్పుడు గదికి ఫోటోలుంటాయి. మంచం ఫోటో, బాత్రూము ఫోటో, కిటికీలోంచి కనిపించే చెట్టు ఫోటో. డబ్బు కట్టడం, తాళం తీసుకోవడం. మా రోజుల్లో గది ఇచ్చేముందు మనిషిని చూసేవాళ్లు. కపాలీశ్వరుడి గుడికి నాలుగు వీధుల అవతల, పెంకుటిల్లు, పెరట్లో చేతిపంపు. ఇంటి మామిగారు నన్ను వాకిట్లోనే నిలబెట్టి, గోత్రం అడగలేదు, అద్దె సంగతీ ఎత్తలేదు. దుప్పటి విప్పమని తంబురా చూశారు. వేలితో ఒక్కసారి మీటి, "తీగెలు మార్చి ఎన్నాళ్లయింది?" అన్నారు తమిళంలో. అప్పటికి నాకు తమిళం రాదు. ప్రశ్న మాత్రం అర్థమైంది.

తెల్లవారుజామున కుళాయి సన్నగా వచ్చేది, చేతిపంపు కొట్టుకోవాలి. ఆవిడ పంపు దగ్గరికి లేచే వేళే నా సాధక వేళ. వేరే వేళ పాడితే పక్కింటివాళ్లు ఒప్పుకోరు. నేను లోపల సరళీవరసలు, ఆవిడ బయట పంపు. ఆ కిర్రుమనే శబ్దం మీద శ్రుతి నిలబెట్టడం ఏ గురువూ నేర్పని విద్య. మధ్యలో పంపు ఆగిందంటే నాకు గుండె ఆగేది, ఎందుకంటే కిటికీలోంచి మాట వచ్చేది: "శ్రుతి సేరలే, తంబీ." అంతే. మళ్లీ పంపు మొదలయ్యేది. ఆవిడ పెళ్లికాక ముందు పదేళ్లు పాట నేర్చుకున్నారని, పెళ్లయ్యాక ఎక్కడా పాడలేదని తర్వాతెప్పుడో తెలిసింది.

ఓ రోజు ఆవిడ పప్పు ఏరుకుంటూ తోడిలో ఒక త్యాగరాజ కీర్తన కూనిరాగం తీశారు. ఒక్క గమకం తప్పు పోలేదు. చరణం అయ్యాక నాకేసి తిరిగి, "దీనికి అర్థం ఏమిటి?" అన్నారు. చిన్నప్పటినుంచీ పాడుతున్న పాటకి, నాయనా! నేను అరుగు మీద కూర్చుని నా వచ్చీరాని తమిళంలో, సైగల్లో మాటమాటకీ చెప్పాను. ఆవిడ పప్పు పళ్లెం పక్కన పెట్టేసి విన్నారు. ఆ తర్వాత అదే కీర్తన మళ్లీ పాడారు, ఈసారి పల్లవిలో ఒకచోట ఆగారు, ఇదివరకు ఆగని చోట. ఆ ఆగడం నేను విన్నాను. నాకు భాష వచ్చు, ఆవిడకి పాట వచ్చు. ఆ యేడాదంతా అలా ఇచ్చిపుచ్చుకున్నాం. యూనివర్సిటీలో ఏం నేర్చుకున్నానని ఎవరైనా అడిగితే చాలా చెబుతాను గానీ, ముందు గుర్తొచ్చేది ఆ పప్పు పళ్లెమే.

ఫోటోలు చూసి గది తీసుకున్న మా పిల్లకి ఇంటావిడ పేరు తెలుసు, ఎందుకంటే అద్దె పంపేటప్పుడు ఫోనులో కనిపిస్తుంది.

తంబురా దగ్గరికి మళ్లీ రానీ, దాన్ని వదిలిపెట్టి చాలా దూరం వచ్చాను. మద్రాసు గాలి చెమ్మ గాలి. పనసకర్ర ఉబ్బుతుంది, బిరడాలు బిగుసుకుంటాయి, ఎండాకాలం వచ్చేసరికి అవే వదులై జారతాయి. నాలుగే తీగెలు కదా అనుకుంటారు చూసేవాళ్లు. పంచమం, సారణి, అనుసారణి, మంద్రం. పంచమం కుదిరిందనుకుంటే సారణి దిగుతుంది, రెండు సారణులూ ఒకటయ్యేసరికి మంద్రం మొరాయిస్తుంది. బిరడాతో దగ్గరికి తెచ్చి, పూస జరిపి సరిచేసి, ఆఖరికి జీవాళి పెట్టాలి. తీగెకీ దాని కింద గుర్రానికీ మధ్య ఓ నూలుపోగు. వెంట్రుకవాసి ముందుకి జరిపితే తీగె మూగపోతుంది, వెనక్కి జరిపితే రేకు చప్పుడు. సరైనచోట ఆగిందా, మీటిన స్వరంలోంచి ఇంకో స్వరం లేస్తుంది. మంద్రంలోంచి అంతర గాంధారం దానంతటదే వినపడుతుంది, ఎవ్వరూ మీటకుండానే. మొదటిసారి అది విన్నరోజు నేను పాఠం మానేసి అలా మీటుతూ కూర్చున్నాను.

శ్రుతి చెయ్యడానికి ఓ అరగంట పట్టేది. ఆ అరగంటలో గొంతు ఊరుకునేది, చెవి పనిచేసేది. పాట మొదలయ్యేసరికి చెవి సిద్ధంగా ఉండేది. ఇప్పుడు ఫోను నొక్కితే తంబురా మోగుతుంది. శ్రుతి దిగదు, తీగె తెగదు, చెమ్మకి ఉబ్బదు. వడ్డించిన విస్తరి. బాగానే ఉంది, నేను కాదనను, ప్రయాణాల్లో నేను కూడా అదే పెట్టుకుంటున్నాను, మోకాళ్లు ఒప్పుకోవడం లేదు. కానీ నాకు మోకాళ్లు పోయాక వచ్చిన సౌకర్యం నీకు మోకాళ్లు గట్టిగా ఉన్నప్పుడే ఎందుకు రావాలి? సంగీతం ఎం.ఏ. చదివే పిల్లకి జీవాళి పెట్టడం రాకపోతే ఎవరికి రావాలి?

గురువుగారింటికి వెళ్లడం ఇంకో కథ. యూనివర్సిటీ పాఠం సముద్రం ఎదురుగా, పెద్ద భవనాల్లో, గంట కొట్టి చెప్పేవాళ్లు. అది శాస్త్రం. పాట మాత్రం విడిగా, వాళ్లవాళ్ల ఇళ్లకి పోయి నేర్చుకోవాలి. పల్లవన్ బస్సులో ఒంటికాలి మీద వేలాడి, మిగతా దారి నడిచి, గురువుగారి అరుగు మీద కూర్చోవాలి. ఆయన లోపల ఉన్నారని తెలుస్తూనే ఉంటుంది, గొంతు వినపడుతుంది. పిలిచినప్పుడు లోపలికి పోవాలి. ఒక్కోరోజు పిలవరు. "ఇవాళ పాఠం లేదు, పో" అని కాఫీ ఇచ్చి పంపేవారు. ఆ రోజుల్లో నాకు కోపం వచ్చేది. కానీ పిలవని రోజున కూడా అరుగు మీద కూర్చుని ఆయన సాధకం విన్నాను కదా. శిష్యుడు వింటున్నాడన్న ధ్యాస లేకుండా పెద్ద విద్వాంసుడు తనకోసం తాను పాడుకుంటూ, ఒకే సంగతి పట్టుబట్టి తిప్పితిప్పి పాడుతూ, కుదరక విసుక్కుంటూ ఉంటే వినడం ఏ తరగతిలో దొరుకుతుంది?

ఆయన కచేరీలకి వెనక తంబురా వేసింది కూడా నేనే. ఆ కుర్రాణ్ణి ఎవరూ చూడరు. అక్కడినుంచి వినపడేవి సభలో కూర్చున్నవాళ్లకి వినపడవు. గొంతు అలిసిందని తెలిసి, అనుకున్న వరాళి మానేసి ఇంకో రాగం ఎత్తుకోబోతూ వయొలిన్ ఆయనకి గుసగుసగా చెప్పిన మాట. మృదంగం ఆయన తల ఊపు. మధ్యలో మన తీగె దిగితే వెనక్కి తిరక్కుండానే ఆయన భుజం కదిలే తీరు. నేను నేర్చుకున్న మనోధర్మంలో సగం ఆయన వీపు చూసి నేర్చుకున్నదే.

మా పిల్ల గురువుగారు పొద్దున్నే లేచి అమెరికా పిల్లలకి తెర మీద పాఠం చెబుతారట. మంచిదే, అక్కడా మనవాళ్లు పాడుకోవాలి. కానీ అదే ఊళ్లో ఉన్న మా పిల్లకి కూడా, వానగా ఉందని, తెర మీదే చెప్పారట ఓ నెల. అందులో గురువూ శిష్యుడూ కలిసి పాడలేరు, తెలుసా? గొంతు అటునుంచి ఇటు వచ్చేసరికి క్షణం ఆలస్యం, కలిపి పాడితే తాళం గోవిందా. ఒకరు పాడి ఆగాలి, ఇంకొకరు అప్పజెప్పాలి. గురువు గొంతులో గొంతు కలిపి పాడుతున్నప్పుడు ఆయన గమకం మన గొంతుని పట్టుకుని లాక్కుపోతుంది, దాన్ని చెప్పడానికి నా దగ్గర మాట లేదు. అది ఆ తెరలోంచి రాదు. వాన మాకూ పడింది. గొడుగు వేసుకుని పోయాం.

పుస్తకాల దగ్గర నాకు ఓ చిన్న జమీ దక్కింది మద్రాసులో, అది చెప్పకుండా ఉండలేను. సుబ్బరామ దీక్షితులు గారి 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' ఉంది చూడు, 1904లో ఎట్టయపురంలో అచ్చయింది, ముత్తుస్వామి దీక్షితుల కీర్తనలకి పెద్ద దిక్కు. అది తెలుగు లిపిలో ఉంది! తమిళ దేశం నడిబొడ్డున అచ్చయిన గ్రంథం తెలుగులో. మ్యూజిక్ అకాడమీ వాళ్లు 1961 నుంచి తమిళంలో సంపుటాలు వేస్తున్నారు గానీ నేనున్నప్పటికి ఇంకా పూర్తికాలేదు. మిగిలినదానికోసం మా తరగతి పిల్లలంతా నా చుట్టూ చేరేవాళ్లు. నేను చదవాలి, వాళ్లు రాసుకోవాలి. స్వరాల మీద గమకానికి వేసిన గుర్తులుంటాయి, ఒక్కో గుర్తుకి ఒక్కో కదలిక, అది ఇలా పాడాలా అలా పాడాలా అని లైబ్రరీలో గుసగుసగా పాడి చూసుకునేవాళ్లం, లైబ్రేరియన్ గారు బయటికి పంపేవారు, చెట్టుకింద కూర్చుని కానిచ్చేవాళ్లం. ఒక్క కీర్తన ఎత్తి రాసుకోవడానికి ఒక సాయంత్రం. చేత్తో రాసింది మర్చిపోవడం కష్టం. తాళం ఎక్కడ విరుగుతుందో వేలికి తెలుస్తుంది.

ఇప్పుడా గ్రంథం మొత్తం ఫోనులో దొరుకుతోంది. మా పిల్ల దింపుకుంది కూడా. "చదివావా?" అన్నాను. "ఉంది తాతయ్యా" అంది. ఉండటానికేం, మా అటక మీద చాలా ఉన్నాయి.

వినడం సంగతి చెబితే నువ్వు నమ్మవు. శనివారం రాత్రి రేడియోలో సంగీతం నేషనల్ ప్రోగ్రామ్ వచ్చేది. నా దగ్గర రేడియో లేదు. మా వీధి చివర మేడమీద ఒక ప్లీడరు గారికి ఉంది. వాళ్ల కిటికీ కింద చప్టా మీద మేం నలుగురైదుగురం చేరేవాళ్లం, ఆయనకి తెలుసు, కిటికీ తలుపు బార్లా తీసి చప్పుడు పెంచేవారు. ఎన్నడూ పైకి రమ్మనలేదు, పొమ్మనీ అనలేదు. ఆ రాగం ఆ రాత్రి పోతే పోయినట్టే, మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవరికెరుక. అందుకని ఒళ్లంతా చెవులు చేసుకుని వినేవాళ్లం. గదికి నడుస్తూ ఒకడు పల్లవి అందుకుంటే ఇంకొకడు సంగతి కలిపి, ముగ్గురి గుర్తూ చేరిస్తే కీర్తన సగం చేతికొచ్చేది.

మా పిల్ల ఫోనులో వోలేటి గారూ, నేదునూరి కృష్ణమూర్తి గారూ, ఎం.డి. రామనాథన్ గారూ అందరూ ఉన్నారు. నేను ఎన్నడూ విననివి కూడా ఉన్నాయి. కిందటి పండక్కి వచ్చినప్పుడు ఒకటి వినిపించింది, వోలేటి గారి పాత రేడియో కచేరీ, నేను విని మళ్లీ వినలేకపోయినది. విన్నాను. కళ్లు తుడుచుకున్నాను. ఆ తర్వాత, పాట ఇంకా అయిపోకుండానే, తను వేలితో ముందుకి తోసేసింది! "స్వరకల్పన ఇక్కడ బావుంటుంది తాతయ్యా" అని. ఆలాపన మధ్యలోంచి స్వరకల్పనకి! వోలేటి గారిని తోసేస్తావుటే అని అరిచాను. ఇంట్లో అందరూ వచ్చారు ఏమైందోనని.

డిసెంబరు వస్తే ఇక ఊరు మనది. మ్యూజిక్ అకాడమీ 1928 నాటిది, ఇప్పుడున్న పెద్ద హాలు 1962లో వచ్చింది. తిరువల్లిక్కేణిలో పార్థసారథి స్వామి సభ 1900 నాటిదే. పొద్దున అకాడమీలో పండితుల చర్చలు, లెక్చర్ డిమాన్‌స్ట్రేషన్లు. మధ్యాహ్నం చిన్నవాళ్ల కచేరీలు, టిక్కెట్టు ఉండదు. సాయంత్రం పెద్దవాళ్లవి, టిక్కెట్టుంటుంది, మాకు డబ్బుండదు, అంచేత గేటు దగ్గర మనిషితో స్నేహం ఉండాలి. ఆ స్నేహం నవంబరులోనే మొదలుపెట్టాలి. అర్ధరాత్రి మైలాపూరు దాకా నడుచుకుంటూ వస్తూ ఆనాటి కచేరీ మొత్తం మళ్లీ పాడుకునేవాళ్లం, కుక్కలు వెంటపడేవి.

కెథడ్రల్ రోడ్డు మీద వుడ్‌లాండ్స్ డ్రైవ్-ఇన్ ఉండేది. చెట్లకింద ఒక్క కాఫీ చెప్పి, బేగడలో నిషాదం ఎంతెత్తున పలకాలని పొద్దుగుంకేదాకా కొట్లాడుకునేవాళ్లం. సర్వరు తిట్టేవాడు కాదు, అప్పుడప్పుడు తనూ ఓ మాట వేసేవాడు. అది 2008లో మూసేశారు. ఇప్పుడక్కడ పార్కు ఉంది. మంచి పార్కే, చెట్లు నిలిచాయి, కాఫీ పోయింది. బేగడ నిషాదం మాట మా పిల్లతో అంటే, కంప్యూటరులో ఏదో పెట్టి ఆ స్వరం ఎక్కడ ఊగుతోందో గీత గీసి చూపించింది. చూశాను. అప్పట్లో నేను వాదించిన పక్షమే గెలిచింది. ఆ గీత ఒక్కటీ అచ్చు తీయించి పంపమన్నాను, మా పాత జట్టులో ఇంకా ఇద్దరున్నారు, వాళ్లకి చూపించాలి.

ఒక్క విషయంలో మా రోజుల్ని వెనకేసుకు రాను. మా తరగతిలో ఆడపిల్లలు మాకన్నా బాగా పాడేవాళ్లు. రాత్రి కచేరీలకి మాత్రం అన్నో తమ్ముడో తోడుంటే గానీ రాలేకపోయేవాళ్లు. తోడు దొరకని రోజున మేం వెళ్లి విని, మర్నాడు వాళ్లకి చెప్పేవాళ్లం. వాళ్లలో ఎందరి పాట మామిగారి పాటలాగే పప్పు పళ్లెం దగ్గర ఆగిపోయిందో. మా పిల్ల రాత్రి కచేరీ విని తన దారిన తాను వస్తుంది. ఇది మేలు. రెండో మాట లేదు.

కానీ ఆ ఇంటి బెంగ ఏమైపోయిందో చెప్పు? మాకు ఉత్తరం వచ్చి జవాబు పోయేసరికి రెండు వారాలు. ట్రంకాల్ అంటే ఎవరో పోయారనే లెక్క. ఆవకాయ జాడీ అడుగంటిన రోజున నేను మెరీనా ఇసకలో కూర్చుని ముఖారి పాడుకున్నాను. ముఖారి ఆరోహణ, అవరోహణ నాకు విజయనగరంలోనే వచ్చు, పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి. రాగం మాత్రం ఆ ఇసకలో వచ్చింది. మా పిల్ల రోజూ రాత్రి వాళ్లమ్మకి తెర మీద కనిపించి, తిన్న ఇడ్లీ చూపించి పడుకుంటుంది. బెంగ పెట్టుకునే తీరికేదీ? మొన్న ముఖారి పాడమన్నాను. చాలా శుద్ధంగా పాడింది. నేను ఏమీ అనలేదు, పిల్ల నొచ్చుకుంటుంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, సంగీతం చదువుకోడానికి ఊరు మారినవాడికి ఆ ఊరే సగం పాఠం. పంపు దగ్గరావిడ, కిటికీ తెరిచిన ప్లీడరు, కాఫీ సర్వరు, గేటు మనిషి, వీళ్లెవరూ సిలబసులో లేరు. దారి అడగాల్సి వచ్చింది గనక దొరికారు. నీకు ఎవర్నీ అడిగే పని లేదు, దారి ఫోను చెబుతుంది, తిండి గుమ్మంలోకొస్తుంది, శ్రుతి దానంతటదే మోగుతుంది. మరి నిన్ను "శ్రుతి చేరలేదు" అనేవాళ్లు ఎక్కణ్ణుంచి వస్తారు?

తల్లీ, పంగుని ఉత్సవాలప్పుడు కపాలి గుడి ఊరేగింపు వెనక నడు. నాగస్వరం మల్లారి గంభీరనాటలో ఎత్తుకుంటుంది, టిక్కెట్టు లేదు, తోసెయ్యడానికి వీల్లేదు. తంబురా బాగుచేసే ముసలాయన మైలాపూరు సందుల్లో ఇంకా ఎవరో ఒకరు ఉంటారు. ఫోనులో వెతక్కు, పూలమ్మే ఆవిణ్ణి అడుగు. మీ ఇంటావిడ తలుపు తట్టి, పండగ రోజున ఓ అరిసె ఇచ్చి, "పాట వచ్చా అమ్మా?" అని అడుగు.

ఇంకో మాట. ఈ డిసెంబరులో నేను వస్తున్నాను, మా ఆవిడ వద్దంటోంది, వస్తున్నాను. మధ్యాహ్నం కచేరీలకి పోదాం, చిన్నవాళ్లు బాగా పాడుతున్నారని విన్నాను. కాస్త ముందే పోయి వయొలిన్ వైపు నాకో కుర్చీ పట్టి ఉంచు.